నాంచారమ్మ పొయ్యి కింద తవ్వుతున్న దారి

మాది బాపట్ల. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టు నాది. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. ఆగింది అనడం మర్యాద, ఆపించారు అనడం నిజం. మా వైపు నేలంతా ఇసక. చిన్నప్పుడు ఎక్కడ గొయ్యి తవ్వినా మోకాలి లోతు దిగేసరికి పక్కలు జారి పూడిపోయేది. అందుకని మా బావ కోటేశ్వరరావు ఫోన్ చేసి, తెనాలిలో ఊరి నడుమ, పైన రైళ్ళు తిరుగుతుండగా, కొట్లు తెరిచి ఉండగా, కిందనుంచి రోడ్డుకి దారి తవ్వుతున్నామని చెబితే నేను నమ్మలేదు. "ఇంతకీ నిన్ను మేస్త్రీగా చేర్చుకున్నారా బావా, పందికొక్కుగా చేర్చుకున్నారా?" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "నవ్వు బామ్మర్దీ, నవ్వు. ఒక్కసారి లోపలికొచ్చి నిలబడు. అప్పుడు కూడా నవ్వొస్తే నేను అరగుండు గీయించుకుంటా" అన్నాడు. బావని అరగుండుతో చూసే అవకాశం మనిషి జన్మలో ఎన్నిసార్లు వస్తుంది? ఎలాగూ రేపల్లెలో ఉన్న మా అక్కని చూడ్డానికి వెళ్ళాలి. బాపట్ల నుంచి రేపల్లెకి కర్లపాలెం మీదుగా బస్సులో పోతే దగ్గర. తెనాలి వెళ్ళి రైలు మారడం బాగా చుట్టు. ఆ చుట్టు తిరగడానికి కారణం ఇదీ.

పొద్దున ఏడు దాటాక బాపట్లలో పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు పదిహేను రూపాయలు, దారి గంట లోపే. ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే ఇంకా ముందే దిగొచ్చు గానీ, దాంట్లో మాట్లాడేవాళ్ళు దొరకరు, అందరూ ఫోన్లలో తలకాయలు పెట్టి ఉంటారు. చుండూరులో ఒక పెద్దావిడ క్యారేజీతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. నాట్లకీ కోతలకీ వెళ్ళే మనిషి, ఆ రోజు ఆస్పత్రి పని మీద తెనాలి వెళ్తోందట. నేను వెళ్తున్న సంగతి చెబితే ఆవిడ నోరు నొక్కుకుంది. "మా చేలో దిగితేనే కాలు వదలదయ్యా ఆ మట్టి. దాని కింద రోడ్డేంటి?" అంది. "మా బావ తవ్వుతున్నాడు పిన్నీ, ఆయన మొహం చూస్తే మట్టే దారిస్తుంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఎండితే రాయి, తడిస్తే పెరుగు. తడవనివ్వొద్దని మీ బావకి చెప్పు" అని కిటికీ వైపు తిరిగిపోయింది. ఇంజనీర్లు పుస్తకంలో పేజీలు పేజీలు రాసేది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పిందని నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు.

తెనాలి స్టేషను బయట ఆటో మాట్లాడుకున్నాను. ముప్పై రూపాయలు. "సొరంగం దగ్గరికా అన్నా?" అన్నాడు డ్రైవరు, నేను పేరు చెప్పకముందే. "ఎలా కనిపెట్టావ్?" అంటే, "ఈ మధ్య పనీ పాటా లేనోళ్ళందరూ అక్కడికే పోతున్నారులెండి" అన్నాడు. నాకు సరిజోడు దొరికాడు. దింపేటప్పుడు, మా బావ అక్కడ మేస్త్రీ అని నేను చెబితే, "గేటు పడితే నేను ఇరవై నిమిషాలు ఇంజను ఆపుకుని కూర్చోవాలన్నా. ఆ దారి తొందరగా అయితే రోజుకి నాలుగు ట్రిప్పులు ఎక్కువ తిప్పుకుంటా. మీ బావని టీలు తగ్గించి తవ్వమనండి" అని కబురు కూడా పంపించాడు.

మా బావ నాకు తలమీద టోపీ పెట్టి, కాళ్ళకి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడిగి లోపలికి తీసుకెళ్ళాడు. చెప్పినంత మాత్రాన అర్థమయ్యేది కాదు గానీ, ప్రయత్నిస్తాను. రైలు పట్టాలకి ఇవతల సినిమా హాలంత గొయ్యి తవ్వారు. అందులో రెండు లారీలు పక్కపక్కనే పట్టేంత పెద్ద కాంక్రీటు పెట్టె పోత పోశారు. ముందూ వెనకా తెరిచి ఉంటుంది. దాని వెనక వరసగా జాకీలు. లారీ టైరు మార్చేటప్పుడు పెట్టే జాకీ కాదు, ఒక్కొక్కటి మనిషి నడుమంత లావు. పెట్టె ముందు అంచుకి ఇనుప పలక కత్తిలా బిగించి ఉంటుంది. మనుషులు పెట్టె లోపల నిలబడి, ఎదురుగా ఉన్న మట్టిని గునపాలతో, పారలతో మెట్లు మెట్లుగా చెక్కుతారు. అరడుగు చెక్కగానే అందరూ వెనక్కి వస్తారు, జాకీలు మొత్తం పెట్టెని అరడుగు ముందుకు తోస్తాయి. మళ్ళీ చెక్కుతారు, మళ్ళీ తోస్తారు. పైన రైలు వచ్చిందంటే ఈల మోగుతుంది, ఎక్కడి గునపం అక్కడ ఆగుతుంది. రైలు ముసలాయన మెట్లు దిగినట్టు మెల్లగా పట్టాల మీద పాకి వెళ్ళిపోతుంది. పట్టాల కింది భాగం అయిపోయింది, పెట్టె ముందు అంచు ఇప్పుడు వాటి పక్కనున్న బజారు కిందకి చేరింది.

"పైనుంచి తవ్వి, కట్టి, పూడ్చెయ్యొచ్చుగా? ఇంత తంటా ఎందుకు?" అన్నాను. "అప్పుడు రైళ్ళెక్కడికి పోతాయి? ఈ కొట్లోళ్ళు ఎక్కడికి పోతారు?" అన్నాడు బావ. పెట్టె కప్పుకీ పైన రోడ్డుకీ నడుమ ఎంత మట్టి ఉందో చూపించమంటే చేతులు చాపాడు. ఒక మనిషి ఎత్తు కూడా లేదు. లోతుగా తవ్వితే ఇంత భయం ఉండదట. పైపైన తవ్వితేనే కష్టమట, పైవాళ్ళు దగ్గితే కిందవాళ్ళకి, కిందవాళ్ళు తుమ్మితే పైవాళ్ళకి తెలుస్తుందట. ఎదురుగా ఉన్న మట్టిలోంచి చిటికెడు గిల్లి, రెండు అరచేతుల మధ్య దీపం వత్తిలా నలిపాడు. అది విరగకుండా సన్నగా సాగింది. "ఇలా ఉంటే గోడ నిలబడతది. చేతికి అంటుకుని వేళ్ళ సందుల్లోకి పోయిందంటే మనం బయటికి పోవాలి" అన్నాడు. గంటకొకసారి అలా నలిపి చూస్తాడట. నాకు నవ్వు రాలేదు. అరగుండు సంగతి ఎత్తితే ఓడిపోయినట్టు ఒప్పుకోవాలి కాబట్టి, ఆకలేస్తోందని చెప్పి పైకి వచ్చేశాను.

సరిగ్గా ఆ పెట్టె వెళ్ళే దారి పైన, రోడ్డు పక్కన నాంచారమ్మ గారి టిఫిన్ కొట్టు ఉంది. రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక షట్టరు. పెసరట్టు నలభై, ఇడ్లీ నాలుగు ముప్పై. కొట్టు ముందు నేలలో ఇంజనీరు పాతిన ఒక మేకు ఉంది. పొద్దునా సాయంత్రం దాని ఎత్తు కొలుస్తారు, నేల కుంగుతోందో లేదో తెలియడానికి. ఎవరూ తొక్కకుండా నాంచారమ్మ ఆ మేకు చుట్టూ రోజూ ముగ్గేస్తుంది. నాకు చిన్న సరదా పుట్టింది. నెత్తిన టోపీ ఎలాగూ ఉంది. బావ జేబులోంచి కొట్టేసిన టేపు తీసి, మొహం గంభీరంగా పెట్టి, ప్లేటులోని పెసరట్టు అడ్డంగా, నిలువుగా కొలవడం మొదలుపెట్టాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"దేనికండి కొలతలు? ఖాళీ చేయించడానికా?" అంది. గొంతు మారిపోయింది.

"అయ్యో, కాదక్కా. నేను మైకు సెట్టోడిని. కోటేశ్వరరావు బామ్మర్దిని. ఊరికే సరదాకి..."

ఆవిడ ఒక్క క్షణం నన్నే చూసింది. "మేస్త్రీ గారికి ఇలాంటి బామ్మర్ది ఉన్నాడని తెలిస్తే ఆయనకి చట్నీ రెండుసార్లు వేసేదాన్ని, పాపం. ఇంకోసారి టేపు పట్టుకుని నా కొట్లోకొస్తే నిన్ను ఈ అట్లకాడతో కొలుస్తా" అంది. తరవాత కాస్త మెత్తబడి అసలు సంగతి చెప్పింది. ఇంతకుముందు ఆవిడ కొట్టు ఇంకో బజార్లో ఉండేదట. పక్క స్థలంలో మేడ కట్టుకుంటున్నాం, పది రోజులు తప్పుకోమన్నారట స్థలం వాళ్ళు. పదకొండో రోజు వెళ్ళేసరికి అక్కడ కొత్త షట్టరు, కొత్త తాళం, కొత్త మనిషి. "పది రోజులనే మాటకి అర్థం నాకు తెలుసు తమ్ముడూ. ఈ నేల కుంగితే మూడు రోజులు ఖాళీ చెయ్యాల్సి వస్తదని ఆ ఇంజనీరమ్మ చెప్పింది. మంచి పిల్లే. కానీ మూడు రోజులకీ నాకు అదే అర్థం" అంది.

పదకొండు గంటలకి నేను మళ్ళీ కిందకి దిగేసరికి అందరూ పని ఆపి పైకి చూస్తున్నారు. ఎడమ పై మూలన, మట్టిగోడా ఇనుప పలకా కలిసే చోట, నీళ్ళు కారుతున్నాయి. ధార కాదు, బొట్లు. కానీ బొట్టు వెనక బొట్టు. బావ అక్కడి మట్టి గిల్లి నలిపాడు. వత్తి సాగలేదు. వేళ్ళకి జిగురులా అంటుకుంది. నలుగురూ వెనక్కి జరిగారు. ఇంజనీరమ్మ శ్రావణి పరుగున వచ్చింది. ముప్పై లోపు వయసు, పిట్టలవానిపాలెం రైతుబిడ్డ, మాట నెమ్మది. మంచినీళ్ళ పైపు ఎక్కడైనా పగిలిందేమోనని ఫోన్లు చేసి ఆ వీధి వాల్వు కట్టించింది. గంటన్నర చూశారు. బొట్లు ఆగలేదు.

అప్పుడు ఆ అమ్మాయి బావని పక్కకి పిలిచి మాట్లాడింది. నేను చెవులు రిక్కించాను, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "పని ఎక్కువసేపు ఆపితే మట్టి పెట్టెని పట్టేస్తుంది బాబాయ్, రేపు జాకీలు కదపలేవు. తడిసిన గోడ కింద మనుషుల్ని నిలబెట్టలేను. నాలుగింటి లోపల నీళ్ళెక్కడివో తెలియకపోతే పైన కొట్టు ఖాళీ చేయించి, పైనుంచి తవ్వి చూడాల్సిందే" అంది. "పైనుంచి తవ్వితే ఆవిడ కొట్టు ఉండదమ్మా" అన్నాడు బావ. "తెలుసు బాబాయ్" అని ఆ అమ్మాయి తల దించుకుంది. ఖాళీ చేయించే కాగితం అప్పటికే ఆమె సంచిలో ఉంది, సంతకం మాత్రం పెట్టలేదు.

రెండు గంటలకి భోజనం చేసి, చెయ్యి కడుక్కోవడానికి నాంచారమ్మ కొట్టు వెనక్కి వెళ్ళాను. మామూలుగా నీళ్ళు పోయే కాలవకి ఈ పని మొదలయ్యాక అడ్డం కట్టేశారు. మరి ఈవిడ ఇన్ని కంచాలు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? చూస్తే గోడ వారన నడుం లోతు గుంత. అందులో ఇటుక ముక్కలు, కంకర, పైన ఇసక, చక్కగా పరిచి ఉన్నాయి. "ఇదేంటక్కా?" అన్నాను.

"ఇంకుడు గుంత! ఇంటింటికీ తవ్వుకోమని ఊరూరా మైకుల్లో చెప్పారుగా, నీ మైకుల్లోనే! రోడ్డు మీద నీళ్ళు పోయొద్దని ఇంజనీరమ్మ చెప్పింది. మేకు తడవకూడదని నేనే డబ్బులిచ్చి తవ్వించా. చూడు, ఒక్క చుక్క బయట నిలబడదు" అంది గర్వంగా.

నిలబడదు. నిజమే. ఎక్కడికి పోతోందో నాకు అర్థమైంది. ఎవరికీ ఇబ్బంది కాకూడదనే ఆవిడ తన చేత్తో ఆ మేకుని కాపాడుకుంటూ, నేల కడుపులోకి రోజూ ముప్పై బిందెల నీళ్ళు పోస్తోంది. పిల్లలకి చెప్పే పద్ధతిలో ఇంకెవరైనా చెబితే వినేదేమో. నేను చెబితే వింటుందా? పొద్దున పెసరట్టు కొలిచిన మనిషిని నేను. అదీగాక నాకే పూర్తిగా నమ్మకం లేదు. పక్క కిరాణా కొట్లో పది రూపాయలు పెట్టి నీలిమందు సీసా కొన్నాను. బట్టలకి వేసుకునే ఈ నీలిమందు నాకు బాగా అలవాటైన సరుకు. మా బావ పెళ్ళిలో ఆయన స్నానానికి తోడిన నీళ్ళలో కలిపింది నేనే. పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు చెవులు నీలంగా ఉండటం చూసి పురోహితుడే మంత్రం ఆపేశాడు. నాంచారమ్మ అటు తిరగ్గానే సీసా మొత్తం గుంతలో ఒంపి, పైన రెండు బకెట్లు నీళ్ళు పోసి, బూట్లు తొడుక్కుని కిందకి వెళ్ళి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

ముప్పావు గంట పట్టింది. మొదట చూసింది దాసు అనే పనివాడు. నలభై ఏళ్ళ మనిషి, ఆ మూల కింద పొద్దున వదిలేసిన తట్టలు తెచ్చుకోవడానికి వెళ్ళాడు. "మేస్త్రీ గారూ, నా చొక్కా చూడండి!" అని కేక పెట్టాడు. భుజం మీద నీలం మరకలు. మా బావ పైకి చూశాడు. నల్ల మట్టి మీద నీలం గీత సన్నగా కిందకి దిగుతోంది. తరవాత ఆయన నా వైపు తిరిగాడు. నా వేళ్ళు చూశాడు. వేళ్ళు దాచుకోవడం మర్చిపోయాను.

"పెళ్ళినాడు చెవులు. ఇప్పుడు గోడ. నువ్వు మారవా?" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"ఇది సరదా కాదు బావా" అన్నాను. జీవితంలో ఆ మాట నిజంగా అన్నది అప్పుడే అనుకుంటాను. గుంత సంగతి చెప్పాను. బావ పెట్టె గోడకి ఆనుకున్నాడు. "ఇంజనీరమ్మకి చెప్పాలి" అన్నాడు. "చెప్పు. కానీ ముందు నాంచారమ్మక్కకి చెబుదాం. తన తప్పు ఇంకొకళ్ళ నోట వింటే ఆవిడ తాళం గురించే ఆలోచిస్తుంది, నీళ్ళ గురించి కాదు" అన్నాను. "పావుగంట. అంతకంటే ఆపలేను. నా మనుషులున్నారు లోపల" అన్నాడు.

పైకి పరుగెత్తాను. చెప్పాను. నేను అనుకున్నట్టే అయింది.

"మళ్ళీ మొదలెట్టావా? నీళ్ళు నేలలోకి పోతాయి గానీ మనుషుల నెత్తి మీదకెందుకు పోతాయి?"

"నేలలోనే మనుషులున్నారక్కా ఇప్పుడు."

"వాళ్ళు నిన్ను పంపించారు. గుంత వంక పెట్టి ఖాళీ చేయించమని. పొద్దున టేపు, ఇప్పుడు ఇది."

"అక్కా, నా మాట నమ్మొద్దు. నేను అబద్ధాలకోరునే. నా కొట్టు పక్కనున్న వాళ్ళని అడిగినా అదే చెబుతారు. నీ కళ్ళతో నువ్వే చూడు. లోపలికి రా. చూశాక కూడా అబద్ధమంటే ఆ అట్లకాడ ఇక్కడే ఉంటుంది, నా వీపూ ఇక్కడే ఉంటుంది."

ఆవిడ పొయ్యి ఆపింది. చీర కొంగు దోపుకుని, నా టోపీ పెట్టుకుని, ఏటవాలుగా ఉన్న దారిలో ఒక్కో అడుగు వేసుకుంటూ కిందకి దిగింది. ఆ దారి తన కొట్టు కిందకే వెళ్తున్నా, అన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడ లోపలికి రాలేదట. ఎవరూ పిలవలేదు, తనూ అడగలేదు. పెట్టె చివర నిలబడి చుట్టూ చూసింది. 

"ఇది నా కొట్టు కిందేనా?"

"మీ పొయ్యి కిందే నాంచారమ్మ గారూ. అటు పక్కన మీ గ్రైండరు ఉంటది" అన్నాడు బావ, కప్పు వైపు వేలు చూపించి. "పొద్దున్నే మీరు అది తిప్పితే మాకు ఇక్కడ వినపడతది. ఇవాళ పెసరట్టా, ఇడ్లీయా అని పందెం కాసుకుంటాం."

"ఇంత దగ్గరా..." అని గొణుక్కుంది. నీలం గీత చూసింది. తరవాత దాసుని చూసింది. "నువ్వు నాలుగిడ్లీ, కారప్పొడి ఎక్కువ" అంది, అదే అతని పేరైనట్టు. అతను మొహమాటంగా నవ్వి మరకలున్న భుజం అటు తిప్పుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపి కారుతున్న నీళ్ళు అరచేతిలో పట్టింది. వాసన చూసింది. నీలిమందు సంగతి ఏమో గానీ, సబ్బు వాసన ఆవిడకి తెలియకపోదు.

"వీళ్ళు తిన్న కంచాలు కడిగి, ఆ నీళ్ళు వీళ్ళ నెత్తినే పోస్తున్నానా" అంది. మాతో కాదు, తనలో తనే. బావ ఏదో ఓదార్పు మాట అనబోతే చెయ్యెత్తి ఆపేసింది. గబగబా పైకి వెళ్ళి, శ్రావణి ఎదురుగా నిలబడింది.

"నా గుంతేనమ్మా. మేకు తడవకూడదని తవ్వించా. నాకు తెలీదు."

ఆ అమ్మాయి గుంత దాకా వెళ్ళి చూసొచ్చింది. "తప్పు నాదీ ఉంది పిన్నీ. రోడ్డు మీద పోయొద్దని చెప్పా గానీ, కాలవ మూసేశాక ఎక్కడ పొయ్యాలో చెప్పలేదు" అంది. సంచిలోంచి ఆ కాగితం తీసి మడతపెట్టి మళ్ళీ లోపలే పెట్టేసింది. ఇక పైనుంచి తవ్వి చూడక్కర్లేదని, గుంత ఖాళీ చేసి గట్టిగా పూడిస్తే చాలని చెప్పింది. "కానీ పెట్టె మీ కొట్టు దాటేదాకా మూడు రోజులు పైన ఎవరూ ఉండకూడదు పిన్నీ. నిప్పు ఉండకూడదు, నీళ్ళు ఉండకూడదు. ఆ మాట నేను మార్చలేను."

మళ్ళీ మూడు రోజులు. నాంచారమ్మ పెదవులు బిగించింది. తన షట్టరు వైపు చూసింది. "మూడు రోజులు పొయ్యి వెలిగించను. ఒక్క చుక్క ఒలకనివ్వను. కానీ తాళం నాది. నేనే వేస్తా. తాళంచెవి నా దగ్గరే ఉంటది. ఎవరు అడిగినా ఇవ్వను. నువ్వడిగినా సరే."

"నేను అడగను పిన్నీ" అంది శ్రావణి.

గుంత పూడ్చడం చూడాల్సిందే. బకెట్లతో నీళ్ళు తోడి, ఇటుకలూ కంకరా ఎత్తి పారేశారు. కింద తవ్వి తీసిన మట్టిలోంచి పొడిగా, గట్టిగా ఉన్నది ఏరి తట్టలతో పైకి మోశారు. అంటే ఆవిడ కొట్టు కింది మట్టే మళ్ళీ ఆవిడ కొట్టు వెనక్కి వచ్చిందన్నమాట. దాన్ని కాస్త కాస్త వేసి, కాళ్ళతో తొక్కి, దిమ్మిసతో కొట్టి, మళ్ళీ వేశారు. రబ్బరు బూట్లు విప్పేసి, నా చెప్పులేసుకుని నేనూ తొక్కాను. దాసు నా పక్కనే తొక్కుతూ, "అన్నా, ఈ మరక పోతదా?" అని అడిగాడు. "పెళ్ళికొడుకు చెవులకే పది రోజులు పట్టింది తమ్ముడూ" అన్నాను. మా బావ వెనకనుంచి ముద్ద మట్టి విసిరాడు, గురి తప్పలేదు. ఐదింటికి కింద బొట్లు బాగా పలచబడ్డాయి. తడిసిన చోట మట్టి చెక్కేసి, ఇనుప రేకులు అడ్డంపెట్టి, వెనక చెక్కలతో బిగించారు. బావ దాని పక్క మట్టి గిల్లి నలిపాడు. వత్తి సాగింది.

ఐదున్నరకి జాకీలు తొయ్యడానికి సిద్ధం చేశారు. నాంచారమ్మ బల్లలు లోపల పెట్టి, రుబ్బిన పిండి గిన్నె పక్కింటివాళ్ళకి ఇచ్చేసి, షట్టరు దించింది. తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి నడుం దగ్గర దోపుకుని రోడ్డుకి అవతలి పక్కన నిలబడింది. శ్రావణి మూడుకాళ్ళ కొలత యంత్రంలో కన్నుపెట్టి మేకు దగ్గరున్న కొలబద్దని చూస్తోంది. కిందనుంచి ఈల వినిపించింది. పెద్ద చప్పుడేదో వస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు. అరికాళ్ళ కింద నేల ఎవరో మెల్లగా గుటక వేసినట్టు ఒక్కసారి కదిలీ కదలనట్టు అనిపించింది, అంతే. రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు.

"ఎంత?" అంది నాంచారమ్మ.

శ్రావణి ఇంకోసారి చూసి తల ఎత్తింది. "కదల్లేదు పిన్నీ."

ఆవిడ రోడ్డు దాటి వెళ్ళి, తాళం ఇంకోసారి లాగి చూసింది.

ఆరు దాటాక రేపల్లె రైలు ఎక్కాను. పది రూపాయల టిక్కెట్టు, గంట పైన ప్రయాణం. సాయంత్రం ఆ రైలు పెట్టెల్లో సీటు దొరకడం కష్టం, అరగంట ముందే వెళ్ళి కూర్చోండి. మా అక్క ఇంట్లో నాలుగు రోజులున్నాను. నాలుగో రోజు పొద్దున ఏడింటికి ఉండబట్టలేక బావకి ఫోన్ చేశాను. "పెట్టె దాటిందా?" అని అడిగాను. "దాటింది" అన్నాడు. రెండో ప్రశ్న అడగబోతుంటే అవతల పెనం మీద పిండి పడి చుయ్యిమన్న చప్పుడు, దాని వెనకే "మేస్త్రీ గారూ, ఆ ఫోన్లో ఉన్నది టేపు మనిషేనా?" అన్న గొంతు వినిపించాయి. ఇక అడగాల్సింది ఏమీ లేకపోయింది.

ఇన్నేళ్ళుగా నేను ఎన్నో ఊళ్ళలో పట్టాల కింది దారుల్లోంచి మోటారు సైకిల్ మీద దూసుకెళ్ళాను. గోడల మీద పోస్టర్లు చూశాను, ప్రతిధ్వని కోసం హారను కొట్టాను, అంతే. లోపల ఎవరో చిటికెడు మట్టి గంటగంటకీ నలిపి చూశారని, పైన ఎవరో తాళంచెవి నడుంలో దోపుకుని నిలబడ్డారని ఎప్పుడూ అనుకోలేదు. కింది మనిషికి పైమనిషి మీద కోపం లేదు, పైమనిషికి కింది మనిషి మీద పగ లేదు. ఇద్దరి మధ్యా ఉన్నదల్లా మనిషి ఎత్తు కూడా లేని మట్టి. దాన్ని దాటి ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు, అంతే. నాంచారమ్మని ఎవరైనా మొదటి రోజే లోపలికి పిలిచి, ఇదిగో నీ పొయ్యి ఇక్కడుంది అని చూపించి ఉంటే ఆ గుంతే ఉండేది కాదు. మీ వీధి కింద ఇలాంటి పని జరుగుతుంటే పిలిచేదాకా ఆగకండి, మీరే అడిగి ఒకసారి లోపలికి వెళ్ళి రండి. వెళ్ళేటప్పుడు మాత్రం లేసులు బిగించి కట్టుకునే బూట్లే వేసుకోండి. తెనాలి బంకమట్టి పట్టుకున్నదాన్ని తిరిగివ్వదు. గుంత తొక్కేటప్పుడు నా ఎడమ చెప్పు అందులో ఉండిపోయింది, కుడిది వేసుకునే నేను రేపల్లెలో దిగాను.